బొట్టు తియ్యని ఆవిడ, షీట్‌లో దొరకని సిపాయి

ఇది 2022లో మొదలై ఏడాదిన్నర పైగా నడిచిన కేసు. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరి పేరు, ఇంటిపేరు, సర్వీసు నంబరు ఇక్కడ ఉండవు, మనుషుల పేర్లు మార్చాను, ఒకటి రెండు వివరాలు కావాలనే అటూ ఇటూ చేశాను. నేను చేసే పని ఏంటంటే, రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లి తిరిగి రాని తెలుగు సిపాయిల జాడ కాగితాల్లో వెతికిపెట్టడం. ఉద్యోగం వేరే ఉంది, ఇది శని ఆదివారాల పని. డబ్బులు తీసుకోను, కాఫీ ఇస్తే మాత్రం వద్దనను.

ఈ కేసులో నేను చేసిన పొరపాటు ఒకటుంది. అది చెప్పడానికే ఇదంతా.

నేపథ్యం

బెంగళూరులో ఉలసూరు చెరువు దగ్గర మద్రాస్ సాపర్స్ కేంద్రం ఉంది. 1780 నాటి దళం, పేరులో మద్రాస్ ఉన్నా కాపురం బెంగళూరే. వంతెనలు కట్టడం, అవసరమైతే అవే వంతెనల్ని పేల్చడం, రోడ్లు వెయ్యడం వీళ్ల పని. అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీ తెలుగు జిల్లాల నుంచి బోలెడంత మంది ఇందులో చేరారు. వాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు ఇప్పుడు ఇదే ఊళ్లో మారతహళ్లి, కేఆర్ పురం వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తూ, ఎప్పుడో బ్రిగేడ్ రోడ్డు చివర యుద్ధ స్మారక స్తంభం పక్కన సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, మా తాత కూడా ఇక్కడే ట్రైనింగ్ అయ్యాడట కదా అని గుర్తు తెచ్చుకుంటారు. నాకు వచ్చే కేసుల్లో సగం అలా మొదలైనవే.

సింగపూర్ 1942 ఫిబ్రవరి 15న లొంగిపోయింది. రెండు రోజుల తర్వాత ఫారర్ పార్క్ మైదానంలో 40 వేలకు పైగా భారతీయ సైనికుల్ని జపాన్ వాళ్లకి అప్పగించారు. అక్కడ దారులు చీలిపోయాయి. కొందరు, జపాన్ అండతో బ్రిటిష్ వాళ్ల మీద పోరాడటానికి మోహన్ సింగ్ పెట్టిన ఐఎన్‌ఏ (ఇండియన్ నేషనల్ ఆర్మీ)లో చేరారు. చేరనివాళ్లు ఖైదీలుగా మిగిలారు, వాళ్లలో వేలమందిని ఓడల్లో కుక్కి ఆస్ట్రేలియాకి ఉత్తరాన ఉన్న న్యూ గినీ, న్యూ బ్రిటన్ లాంటి దీవులకి చాకిరీకి తోలారు. ఖైదీల సంగతి చూసే 1929 జెనీవా ఒప్పందం మీద జపాన్ సంతకం పెట్టింది గానీ దాన్ని ఆమోదించలేదు, ఎవరెవరు తన చేతిలో ఉన్నారో సరైన జాబితాలూ పంపలేదు. అందువల్ల ఇక్కడ మన ఊళ్లలో ఇళ్లకి చేరిందల్లా ఒకటే మాట, మిస్సింగ్. అందులో చనిపోయాడన్న అర్థం లేదు, బతికున్నాడన్న అర్థమూ లేదు, ఆ మాట చదివి చెప్పే మనిషి మాత్రం ఊరికి ఒక్కడే ఉండేవాడు.

అడిగింది ఏంటి

ఫోన్ చేసింది మనవడు. కానీ అసలు అడుగుతున్నది వాళ్లమ్మ. 1941 ఉగాదికి ముందు పుట్టింది, అప్పటికే తండ్రి ఇంట్లో లేడు, కూతుర్ని చూడకుండానే ఓడ ఎక్కాడు. నేను కలిసేనాటికి ఆవిడకి ఎనభై దాటాయి. విజయనగరం వైపు పల్లెటూరు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో కొడుకు దగ్గరికి వచ్చేటప్పుడు, ఊళ్లో రేకు పెట్టెలో ఉన్న కాగితాలన్నీ ఒక పాలిథిన్ కవర్లో పెట్టి, ఆ కవర్ని చీరల మధ్యన దాచి తెచ్చింది.

"నాన్న ఎప్పుడు పోయాడని కాదు బాబూ, ఎక్కడ పోయాడో చెప్పు చాలు" అంది.

కవర్లో పనికొచ్చేవి రెండే. ఒకటి ఇంగ్లిషులో అచ్చయిన ఫారం ఉత్తరం, ఖాళీల్లో చేత్తో నింపింది, మడత దగ్గర చిరిగి, కుడివైపు చెదలు తిని ఉంది. 15-2-42 అన్న తేదీ మాత్రం శుభ్రంగా కనిపిస్తోంది. రెండోది పింఛను కాగితం, దాని మీద సర్వీసు నంబరులో చివరి మూడంకెలు మిగిలాయి.

అప్పట్లో ఆ ఫారం చదివి పెట్టింది ఊరి కరణంగారు. ఆ తేదీన చనిపోయాడని చెప్పారు. ఆ రోజు వృష నామ సంవత్సరం మాఘ బహుళ అమావాస్య (సింగపూర్ పడింది సరిగ్గా చైనా వాళ్ల కొత్త సంవత్సరం రోజున, అమావాస్యతో లెక్క అందుకే కుదురుతుంది). సిపాయి అన్నగారు ఏటా ఆ తిథికే తద్దినం పెట్టేవారు. భార్య మాత్రం బొట్టు తియ్యలేదు. పింఛను తీసుకునేటప్పుడు విధవ అని రాసిన చోట వేలిముద్ర వేసేది, ఇంటికొచ్చి మళ్లీ కుంకం దిద్దుకునేది. తద్దినం రోజు తెల్లారకుండానే పుట్టింటికి వెళ్లిపోయేది. ఊరంతా పిచ్చిదన్నారట. "మా అమ్మ కళ్లు మూసేదాకా తియ్యనేదు బాబూ" అని కూతురు చెప్పింది, కొంచెం గర్వంగానూ, కొంచెం సిగ్గుగానూ.

నేను దాన్ని నోట్సులో చివరి పేజీలో, ఇతర విషయాలు అన్న శీర్షిక కింద రాసుకున్నాను. గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మొదట చేసినవి

ఎవరైనా ముందు చేసేది ఇదే: కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ల వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడటం. 1917లో పెట్టిన సంస్థ, రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన 17 లక్షల మంది లెక్క వాళ్ల దగ్గర ఉంది. రెండో యుద్ధానికైతే 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా పోయినవాళ్లని లెక్కలోకి తీసుకుంటారు. మనవడు అప్పటికే పది రకాల స్పెల్లింగులతో కొట్టి చూశాడు. ఏమీ రాలేదు.

రాకపోవడం మామూలే. మన ఇంటిపేరు ముందుంటుంది, అసలు పేరు తర్వాత. అప్పటి దళంలో గుమాస్తా తమిళుడైతే ఇంటిపేరు ఎందుకో అర్థంకాక వదిలేసేవాడు, పేరొక్కటే రాసి, తండ్రి పేరు పక్కన పెట్టేవాడు. కమిషన్ జాబితాలో ఆ ఒక్క పేరూ సర్‌నేమ్ గడిలో కూర్చుంటుంది. మీరు సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు కొడితే ఎనభై ఏళ్లు కొట్టినా రాదు. దానికి తోడు తమిళ లిపిలో ప-బ లకీ త-ద లకీ ఒకటే అక్షరం, కాబట్టి ఆ చెవితో విని ఇంగ్లిషులో రాసినవాడి చేతిలో అప్పలస్వామి అబ్బలసామి అవుతాడు, పైడయ్య బైదయ్య అవుతాడు. జిల్లా ఇంకో తంటా. ఇవాళ్టి విజయనగరం జిల్లా 1979లో వచ్చింది, శ్రీకాకుళం 1950లో. యుద్ధం నాటికి అంతా విశాఖపట్నం జిల్లాయే, అదీ వైజాగపటం అన్న పాత స్పెల్లింగులో.

ఇదంతా నాకు తెలుసు కాబట్టి పేరు దారి వెంటనే వదిలేశాను. అక్కడిదాకా తప్పు లేదు.

ఐఎన్‌ఏ దారి

మనవడికి ఇది చాలా ఇష్టమైన దారి, ఎందుకో చెప్పక్కర్లేదు. సింగపూర్ నుంచి తిరిగి రాని ప్రతి సిపాయీ నేతాజీ సైన్యంలో చేరాడనే ఇళ్లలో చెప్పుకుంటారు. అది అబద్ధమని కాదు, వేలమంది చేరారు. కానీ చేరినవాళ్ల కంటే చేరినట్టు చెప్పుకునే కుటుంబాలే ఎక్కువ. ఇంకో రకం కథ కూడా ఉంది, అక్కడే ఇంకో పెళ్లి చేసుకుని స్థిరపడిపోయాడని. ఈ రెండు కథల్లో ఒకటి దాదాపు ప్రతి కేసులోనూ వింటాను. ఈ కేసులో రెండూ విన్నాను.

నేను ఒప్పుకోవడానికి కారణం ఒకటుంది. ఐఎన్‌ఏలో ఉండి ఉంటే కాగితాలు వేరే చోట ఉంటాయి, ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఐఎన్‌ఏ దస్త్రాలున్నాయి, తోసిపుచ్చాలన్నా ఒకసారి చూసే తోసిపుచ్చాలి. నాలుగు నెలలు పోయాయి దీని మీద. ఒక పేరు దొరికింది, వైజాగపటం అని కూడా ఉంది. మనవడు ఆ రాత్రి నిద్రపోలేదు. నాకు మాత్రం తేడాగా అనిపించింది, ఎందుకంటే ఆ పేరు పక్కన సైనిక నంబరు లేదు, దళం పేరు లేదు. ఇంకాస్త చదివితే తెలిసింది, అతను సిపాయే కాదు, మలయాలో (ఇప్పటి మలేషియా వైపు) రబ్బరు తోట కూలీ. ఉత్తరాంధ్ర నుంచి మలయా తోటలకి, బర్మాకి వలస వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది, ఐఎన్‌ఏలో మామూలు జనం కూడా చేరారు. ఒకే ప్రాంతం, ఒకే దేవుడి పేరు పెట్టుకున్న మనుషులు, సింహాద్రి అప్పన్న దయవల్ల అప్పల అన్న పేరుతో ఎంతమందైనా ఉంటారు. అతనికీ ఎక్కడో ఒక కుటుంబం ఉండే ఉంటుంది. అది మన కేసు కాదు.

ఈలోగా ఒక కార్యాలయానికి లాంగ్ రోల్ రిజిస్టర్‌లో (దళంలో చేరినవాళ్ల వివరాలు రాసే పుస్తకం) ఎంట్రీ ఉందేమో చూడమని ఉత్తరం రాశాం. నంబరు పూర్తిగా ఇవ్వమన్నారు. పూర్తి నంబరు కోసమే మీకు రాశామని మళ్లీ రాశాం. జవాబు రాలేదు. జెనీవాలో రెడ్‌క్రాస్ ఆర్కైవ్స్ వాళ్లు ఖైదీల గురించి విన్నపాలు తీసుకుంటారు గానీ, కోటా ప్రకారం ఏడాదిలో కొన్ని రోజులే తలుపు తెరుస్తారు. తెరిచిన రోజే పంపాం, కొన్ని నెలల తర్వాత వాళ్ల దగ్గర ఏమీ లేదని మర్యాదగా చెప్పారు. లండన్ దగ్గర క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 345 అనే వరుసలో జపాన్ వాళ్లు నింపిన ఖైదీ కార్డులు 50 వేలకు పైగా ఉన్నాయి, కానీ వాటిలో ఎక్కువ భాగం బ్రిటిష్ వాళ్లవీ ఇతర కామన్వెల్త్ దేశాల వాళ్లవీ, అక్కడ మనవాడు దొరుకుతాడని నేను ఆశపెట్టుకోలేదు.

షీటు

నాకు బాగా పనిచేసే పద్ధతి ఒకటుంది. కమిషన్ సైట్‌లో పేరు గడి ఖాళీగా వదిలేసి, దళం పేరు, స్మారకం పేరు ఇచ్చి వెతికి, వచ్చిందంతా స్ప్రెడ్‌షీట్‌గా దించుకుంటాను. తర్వాత పేరు చూడను. చివర్లో అదనపు సమాచారం అనే నిలువు వరుస ఉంటుంది, ఫలానావాడి కొడుకు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు అని. దాన్ని పైకి చదువుతాను. కళ్లతో చూస్తే స్పెల్లింగు మోసం చేస్తుంది, చెవితో వింటే ఊరు బయటపడుతుంది.

సింగపూర్‌లో క్రాంజి దగ్గర ఉన్న స్మారకం మీద సమాధి తెలియనివాళ్ల పేర్లు 24 వేలకు పైగా ఉన్నాయి. పోరులో పోయినవాళ్లు, జైలు శిబిరాల్లో పోయినవాళ్లు, ఖైదీలుగా ఓడల్లో వెళ్తూ సముద్రంలో పోయినవాళ్లు, అందరూ అక్కడే. మద్రాస్ సాపర్స్ వరకు వడగట్టాను. చేతిలో 15-2-42 అన్న తేదీ ఉంది కదా, యుద్ధం మలయాలో మొదలైన 1941 డిసెంబరు నుంచి 1942 ఫిబ్రవరి ఆఖరు దాకా తేదీలకి కూడా వడగట్టాను. పని తగ్గుతుందని. ఒక ఆదివారం మధ్యాహ్నం అంతా మనవడూ నేనూ చదివాం. దగ్గర్లోకి వచ్చినవి మూడు, మూడూ కాదని తేలిపోయాయి: ఒకరి ఊరు చిత్తూరు వైపు, ఒకరికి పెళ్లే కాలేదు, మూడో మనిషి నంబరు చివరి మూడంకెలు కలవలేదు.

అక్కడికి నేను ఇంచుమించు చేతులెత్తేశాను. అదనపు సమాచారం గడి ఖాళీగా ఉన్నవాళ్లలో ఒకడై ఉంటాడు, ఇంక తేల్చలేం, అని మనవడికి చెప్పేశాను కూడా.

కార్డు

ఆ తర్వాత రెండు నెలలకి వాళ్లింట్లో భోజనానికి పిలిచారు. కేసు సంగతి కాదు, ఊరికే. అవుటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కుని వెళ్లేసరికి పులిహోర చల్లారిపోయింది. తిన్నాక పెద్దావిడ గుమ్మడికాయ వడియాల సంగతి ఏదో చెబుతూ, మధ్యలో మాటవరసకి అడిగాను: "అమ్మా, ఊరంతా పోయాడంటే మీ అమ్మగారు ఎందుకు నమ్మలేదు?"

నిజం చెప్పాలంటే, ఇది నేను మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న.

"నమ్మడానికేటుంది బాబూ. పోయాడన్న తరవాత కార్డు వచ్చింది కదా" అంది.

ఏ కార్డు? ఆవిడ ఆశ్చర్యపోయింది, అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. తండ్రి దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చిందట, అచ్చు ముక్కలు నాలుగు, కింద సంతకం. స్కూలు మాస్టారు చదివి వినిపించారట. ఆ కార్డు అమ్మ చాలా ఏళ్లు దేవుడి పటం వెనక పెట్టుకుంది, ఒక గాలివానకి ఇల్లు కారి ముద్దయిపోయింది. ఎప్పుడు వచ్చిందమ్మా? అప్పుడు తనకి రెండేళ్లు, తనకేం గుర్తుంటుంది, కానీ అమ్మ చెప్పేది: విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయి చూడు, ఆ మరుసటి ఏడు, సిరిమానుకి ముందు.

విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులేసింది 1942 ఏప్రిల్ 6న. అదే రోజు కాకినాడ మీద కూడా. మరుసటి ఏడు అంటే 1943. విజయనగరం పైడితల్లి సిరిమాను దసరా తర్వాత వస్తుంది. అంటే 1943 వేసవి నుంచి శరత్తు లోపల ఎప్పుడో ఆ కార్డు అందింది. ఖైదీల ఉత్తరాలు నెలల తరబడి నడుస్తాయి, కాబట్టి రాసింది ఇంకా ముందే కావచ్చు, అయినా 1942 ఫిబ్రవరి 15న మాత్రం ఆ మనిషి చనిపోలేదు. ఆరోజు సింగపూర్‌లో ఎవరికీ అచ్చు కార్డులు పంచలేదు.

లేచి మళ్లీ ఆ ఫారం తెప్పించాను. కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూశాం. తేదీకి ముందు చెదలు తిన్న చోట ఒక మాట తోక మిగిలింది, ఎస్, ఐ, ఎన్, జి. మొదటిసారి చూసినప్పుడు అది ఏదో మాట అనుకుని వదిలేశాను, ఎందుకంటే కరణంగారు చెప్పిన అర్థం అప్పటికే నా చెవిలో ఉంది. మిస్సింగ్. అది చనిపోయిన తేదీ కాదు, కనపడకుండా పోయిన తేదీ.

ఊరంతా పిచ్చిదన్న ఆవిడ దగ్గర ఆధారం ఉంది. నేను దాన్ని సెంటిమెంటు అనుకుని చివరి పేజీలో రాసి, తప్పు చదివిన కరణంగారి తేదీని మొదటి పేజీలో పెట్టి, దాంతోనే షీటు వడగట్టాను. ఆయన ఉన్న వరుసని నా చేత్తోనే దాచేశాను.

ఆ సాయంత్రమే తేదీ ఫిల్టర్ తీసేసి మళ్లీ చదివాం. ఈసారి పెద్దావిడ కూడా కూర్చుంది. నేను చదువుతున్నాను, ఆవిడ వింటోంది, మధ్యమధ్యలో కునుకు. గంట దాటాక ఒక వరుస దగ్గర "బైదమ్మాళ్ భర్త" అని చదివాను. ఆవిడ కళ్లు తెరిచి పకపకా నవ్వింది. "పైడమ్మ! మా అమ్మని తమిళోళ్ల కోడల్ని చేసేశార్రా" అంది. ఊరి పేరు చివరన వలస అన్నది వల్సా అయింది, మొదటి సగం ఇంకా ఘోరం, కానీ పైకి రెండుసార్లు అనేసరికి ఆవిడే పట్టుకుంది. నంబరు చివరి మూడంకెలు పింఛను కాగితంతో కలిశాయి.

రెండు కలిస్తే అనుమానం, మూడు కలిస్తేనే నమ్మకం అన్నది నా లెక్క. ఇక్కడ మూడూ మూడు చోట్ల నుంచి వచ్చినవి: భార్య పేరు కుటుంబం నుంచి, ఊరు ఇద్దరి నుంచీ, నంబరు కాగితం నుంచి. ఒకే చోటు నుంచి వచ్చిన మూడు సంగతులైతే దాన్ని ఒకటిగానే లెక్కపెడతాను.

తేదీ

ఇక్కడ రెండో పొరపాటు. ఆ వరుసలో చనిపోయిన తేదీ 1944లో ఒక నెల ఆఖరి రోజు. సంతోషంలో అక్కడికక్కడే చదివేశాను. మరుసటి రోజుకి మనవడు పంచాంగం వెబ్‌సైట్‌లో తిథి చూసేశాడు, ఊళ్లో పురోహితుడికి ఫోన్ చేసేశాడు, అమావాస్య తద్దినం తప్పంట, ఈ తిథికి మార్చాలంట, అని చుట్టాలందరికీ వాట్సాప్ వెళ్లిపోయింది.

మంగళవారం రాత్రి తీరిగ్గా షీటుని తేదీల వారీగా పేర్చి చూస్తే, అదే తేదీ కింద అదే దళం వాళ్లు ఇంకా ఆరుగురు. ఏడుగురు ఒకే రోజు పోవాలంటే బాంబు దాడో, ఓడ మునకో అయ్యుండాలి. అలాంటివి జరిగాయి. 1943 జనవరి 26న అమెరికా సబ్‌మెరైన్ వాహూ టార్పెడోతో ముంచిన బుయో మారు ఓడలో 491 మంది భారతీయ ఖైదీలున్నారు, వాళ్లలో 195 మంది పోయారు. కానీ ఓడ మునిగిన తేదీ నెల మధ్యలో ఎక్కడైనా పడొచ్చు. మా తేదీ సరిగ్గా నెలాఖరు. నెలాఖరు తేదీలు చూస్తే నాకు ముందు గుర్తొచ్చేది గుమాస్తా: ఫలానా నెలలో పోయాడని ఎవరో చెప్పారు, ఏ రోజో తెలియదు, గడి ఖాళీగా వదలకూడదు, చివరి రోజు రాసెయ్.

ఎవరు చెప్పారు అన్నదే అసలు ప్రశ్న. న్యూ గినీలో ఖైదీల గతి ఎంత సన్నటి దారం మీద వేలాడిందో ఒక్క సంగతి చాలు. 1945 సెప్టెంబరు 30న అంగోరం దగ్గర ఆస్ట్రేలియన్ సైన్యానికి ప్రాణాలతో దొరికిన 11 మంది భారతీయుల్లో పదిమంది, ఇంటికి చేరకముందే నవంబరులో విమానం కూలి చనిపోయారు. మిగిలింది చింత్ సింగ్ అనే అధికారి ఒక్కడు. యుద్ధ నేరాల విచారణల్లో సాక్ష్యం చెప్పింది ఆయనే. తమతో ఉండి పోయినవాళ్ల పేర్లు గుర్తున్న మనుషులే అలా పోతే, ఇక కాగితం మీద తేదీ ఎంతవరకు నిజం? మా సాపర్ న్యూ గినీలో పోయాడని నేను అనడం లేదు, అలా అనడానికి నా దగ్గర కాగితం లేదు. సింగపూర్ స్మారకం మీద పేరు ఉందంటే సమాధి తెలియదని మాత్రమే అర్థం, సింగపూర్‌లో పోయాడని కాదు.

ఇది మళ్లీ ఫోన్ చేసి చెప్పాలి. రెండు రోజులు వాయిదా వేశాను, టెన్షన్. చివరికి ఫోన్‌లో వద్దనుకుని వెళ్లి ఆవిడకే చెప్పాను: అమ్మా, నాన్నగారు ఈయనే, ఇందులో అనుమానం లేదు. 1943లో బతికున్నారు, మీ అమ్మగారు చెప్పింది నిజం. 1944 అన్నది ఆఫీసు వాళ్లు రాసిన తేదీ, దాని మీద తిథి లెక్కపెట్టకండి. ఎక్కడ అన్నది నేను చెప్పలేను.

ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నకి జవాబు లేదని చెప్పడం అది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే మా పెదనాన్న ఇన్నేళ్లూ పెట్టిన అమావాస్య తద్దినం?" అంది. పురోహితుడు మహాలయ పక్షంలో పెట్టుకోమన్నారు, పోయిన రోజు తెలియనివాళ్లకి అదే దారి అని. చుట్టాల గ్రూపులో ఇంకో మెసేజ్ వెళ్లింది, ఈసారి మనవడు ముందు నాకు పంపి చూపించి వేశాడు.

డీఎన్‌ఏ సంగతి

మనవడు అమెరికా వాళ్ల వీడియోలు చూసి అడిగాడు, వాళ్లు ఎముకలు తవ్వి డీఎన్‌ఏ కలిపి మనిషిని ఇంటికి పంపుతున్నారు కదా, మనకెందుకు లేదు అని. అమెరికా రక్షణ శాఖలో దానికోసమే ఒక విభాగం ఉంది, రెండో యుద్ధం నాటి తమ వైమానికుల కోసం మన అరుణాచల్ కొండలు కూడా వెతికారు. కామన్వెల్త్ కమిషన్ పద్ధతి వేరు, ఎవరో తేల్చడానికని సమాధులు తవ్వరు, పేరు తెలియని సైనికుడి రాయిని అలాగే ఉంచుతారు. ఇప్పటి పాపువా న్యూ గినీలో లే అనే ఊళ్లోనూ, రబౌల్ దగ్గర బిటా పాకాలోనూ ఉన్న యుద్ధ శ్మశానాల్లో మలయాలో పట్టుబడి పోయిన భారతీయుల సమాధులున్నాయి, పేరు తెలియని రాళ్లూ ఉన్నాయి. వాటిలో ఒకటి ఆయనదే కావచ్చా అంటే, కావచ్చు. సముద్రం కూడా కావచ్చు. ఆ దారిలో ఖర్చు పెట్టొద్దని గట్టిగా చెప్పాను.

తర్వాత

నేను మార్చుకున్నవి కొన్ని. నా నోట్సులో ఇతర విషయాలు అన్న పేజీ తీసేశాను. కుటుంబంలో ఎవరైనా మొండిగా ఒక మాట పట్టుకుని ఉంటే, అది నిజమా కాదా అని ముందే తేల్చకుండా, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది, ఏ ఏట, అప్పుడు ఊళ్లో ఏం జరుగుతోంది అని అడుగుతున్నాను. ముసలివాళ్లు సంవత్సరం చెప్పరు, తుఫానులు, జాతరలు, బాంబులు చెబుతారు. ఆ లెక్క చాలాసార్లు కాగితం కంటే గట్టిగా నిలబడుతుంది. షీటు వడగట్టేటప్పుడు తేదీని ఆఖరున వాడుతున్నాను, అదీ ఆ తేదీ దేనికి సంబంధించినదో నా కళ్లతో చదివాకే. ఇంకొకరు చదివి చెప్పిన కాగితాన్ని చదవని కాగితంగానే లెక్కపెడుతున్నాను. దొరికింది అని ఎవరికైనా చెప్పే ముందు ఒక రాత్రి ఆగుతున్నాను. ఇది మాత్రం ప్రతిసారీ చెయ్యలేకపోతున్నాను, ఒప్పుకోవాలి.

కమిషన్ సైట్ నుంచి ఆయన పేరుతో సర్టిఫికెట్ దించుకుని ఫ్రేము కట్టించారు. పేరు అబ్బలసామి అనే ఉంది. దిద్దమని, పింఛను కాగితం స్కాన్‌తో, ఊరి పాత రికార్డులో దొరికిన ఒక నకలుతో అర్జీ పెట్టాం. వాళ్లు ఇంకా చూస్తున్నారు.

పోయిన ఏడాది మనవడు ఆఫీసు పని మీద సింగపూర్ వెళ్లాడు. ఒక సాయంత్రం మెట్రోలో క్రాంజి స్టేషన్‌లో దిగి, నడుచుకుంటూ వెళ్లి, కాలమ్ నంబరు పట్టుకుని పేరు వెతికాడు. గచ్చు మీద నీళ్లు పోసి ఇప్పుడే కడిగినట్టుందట. వీడియో కాల్ పెట్టాడు. ఆ కాల్‌లో నేను లేను, తర్వాత చెప్పాడు. ఫోన్ దగ్గరగా పెట్టమంది, ఇంకా దగ్గరగా, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదవమంది. చదివాడు.

"ఇంటిపేరు ఏదిరా?" అంది.

లేదమ్మా, వాళ్లు రాయలేదు, అర్జీ పెట్టాం కదా, అన్నాడు.

"అయితే నువ్వు పైకి చెప్పు, అక్కడ నిలబడి" అంది. చుట్టూ జపాన్ నుంచో కొరియా నుంచో వచ్చిన టూరిస్టులు నలుగురైదుగురు ఉన్నారట. సిగ్గుపడుతూనే, ఇంటిపేరుతో కలిపి, ఊరి పేరుతో సహా, గట్టిగా చెప్పాడు.